ఆంటీ మూకుడు, అమ్మ హాట్ ప్యాక్

ఆ రోజుల్లో జెర్సీ సిటీలో మేముండే అపార్ట్‌మెంట్‌కి నది, నది అవతలి మాన్‌హట్టన్ కనిపిస్తాయని అద్దె ప్రకటనలో రాశారు. అబద్ధం కాదు, కనిపించేవి. కాకపోతే బాత్‌రూమ్ కిటికీలోంచి, అదీ బకెట్ బోర్లించి దాని మీదికెక్కితే. ఇంటి నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ "మాది రివర్ వ్యూ అండీ" అని చెప్పుకునేవాణ్ణి. ఇరవై ఆరేళ్ళ వయసులో మనిషికి కొన్ని నమ్మకాలు మహా గట్టిగా ఉంటాయి. తనకు అన్నీ తెలుసని ఒక నమ్మకం. తెలియనివి ఏవైనా మిగిలి ఉంటే వాటితో పెద్దగా పని లేదని ఇంకో నమ్మకం. వీటికి తోడు నాకు మరొకటి కూడా ఉండేది. నూడుల్స్ విషయంలో నన్ను మించినవాడు లేడని.

దానికి ఆధారం లేకపోలేదు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళూ కాలేజీ గేటు ఎదురుగా ఉండే ఫాస్ట్ ఫుడ్ బండి దగ్గరే నా సాయంత్రాలు గడిచాయి. గ్యాసు మంట బుస్సుమని లేవడం, బండతను ఎర్ర సాసు, పచ్చ సాసు, నల్ల సాసు వరసగా చిలకరించడం, చివర్లో తెల్లటి ఉప్పులాంటిదేదో వేయడం (అదేమిటని అడిగితే "టేస్టింగ్ సాల్టు సార్" అనేవాడు, అడక్కపోతే ఇంకో చెంచా వేసేవాడు), అన్నీ కంఠతా వచ్చు. నూడుల్స్ అంటే అదే, అంతకు మించి ఎవరూ చేయగలిగేదేమీ లేదని తీర్మానించుకుని విమానం ఎక్కాను.

ఆ అపార్ట్‌మెంట్‌లో ముగ్గురం. ఒకడు బావ. గుంటూరువాడు, నాకేమీ బావ కాడు. కనిపించిన వాణ్ణల్లా బావా అని పిలుస్తూ ఉంటే చివరికి ఆ పేరు వాడికే అంటుకుంది. రెండోవాడు వరంగల్ అన్న. మా ఇద్దరికంటే ఎనిమిది నెలలు పెద్ద. ఆ ఎనిమిది నెలలనీ ఎనిమిదేళ్ళలా వాడుకునేవాడు. ముగ్గురం కలిసి వండుకున్నది గుడ్డు కూర, పప్పు, మళ్ళీ గుడ్డు కూర. నాలాంటి రసికుడికి ఇంతకంటే శిక్ష ఏముంటుంది!

అలాంటి ఒక వేసవి శనివారం మధ్యాహ్నం, రైల్వే స్టేషన్ వెనక పార్కింగ్ స్థలంలో వారానికోసారి జరిగే సంతకి టమాటాల కోసం వెళ్ళాను. తేనె సీసాలు, మేకపాల సబ్బులు, ఒక్కోటి పసిపిల్లాడంత ఉన్న వంకాయలు దాటుకుని చివరికి వెళ్ళేసరికి పొగ వాసన తగిలింది. గ్యాసు మంట వాసన కాదు, బొగ్గుల వాసన. చూస్తే ఒక డేరా, డేరా ముందు బారెడు లైను, లైను చివర ఒక కుంపటి. కుంపటి వెనక అరవై దాటిన పొట్టి మనిషి, చేతులకి పువ్వుల తొడుగులు, నుదుటికి తువ్వాలు. కుడిచేతిలో అట్లకాడ, ఎడమచేతిలో విసనకర్ర. మలేసియాలో పినాంగ్ అనే దీవి నుంచి వచ్చారట. అందరూ ఆంటీ అంటున్నారు. వాళ్ళ దేశంలో కూడా పెద్దావిడ కనిపిస్తే ఆంటీ అనే పిలుస్తారని విని, పరాయి దేశంలో ఒక వరస కలిసినందుకు తెగ సంతోషించాను.

లైన్లో నిలబడి ఆవిడ చేతుల్నే చూశాను. మూకుడు కాలి సన్నగా పొగలు రాగానే నూనె, వెల్లుల్లి, నాలుగు రొయ్యలు. ఆ వెంటనే బియ్యప్పిండితో చేసిన వెడల్పాటి నూడుల్స్ గుప్పెడు పడతాయి. అవి పడ్డ క్షణంలో ఎడమచేతి విసనకర్ర జోరందుకుంటుంది. బొగ్గులు ఎర్రగా కణకణలాడి, మంట మూకుడు అంచు దాకా లేస్తుంది. నల్ల సాసు, మిరపకాయల ముద్ద, రెండు తిప్పులు. నూడుల్స్‌ని ఒక పక్కకి నెట్టి ఖాళీలో గుడ్డు కొడతారు, అప్పుడు విసనకర్ర ఆగిపోతుంది. గుడ్డు సగం ఉడికీ ఉడకక ముందే నూడుల్స్ దాని మీదికి దొర్లుతాయి, మళ్ళీ విసనకర్ర. చివర్లో మొలకలు, ఉల్లికాడలు, అయిపోయింది. నాలుగు నిమిషాలు. మొత్తం మీద ఆవిడ మంట వైపు చూసింది తక్కువ. చెవి మూకుడు వైపు ఉంచి, ఆ చప్పుణ్ణి బట్టే చేయి కదిపేవారు. ఒకసారికి ఒక్క ప్లేటే. వెనక ఎంత లైనున్నా సరే, రెండు ప్లేట్లు కలిపి వేయరు. నా ముందు నిలబడ్డ ఒకాయన "మేమిద్దరం, ఒకేసారి చేసెయ్యండి" అంటే ఆవిడ తల అడ్డంగా ఊపి, ఒకటయ్యాక ఒకటి చేశారు.

ఇక్కడ నాకో ధర్మసంకటం వచ్చింది. ఆ రోజు శనివారం. శనివారం వెంకటేశ్వరస్వామి వారం, నీచు ముట్టనని అమ్మకి మాటిచ్చి వచ్చాను. సంత చూస్తే శనివారం ఒక్కరోజే. ముక్కు ముందుకు లాగుతోంది, మాట వెనక్కి లాగుతోంది. అప్పుడు నాలోని ఇంజనీరు మేలుకున్నాడు. నేను మాటిచ్చింది కాకినాడలో గదా, మరి ఆ శనివారం కాకినాడ శనివారమే అయ్యుండాలి. ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర అయితే అక్కడ అర్ధరాత్రి దాటి ఆదివారం వచ్చేస్తుంది! గడియారం చూస్తే రెండు గంటల ఐదు నిమిషాలు. ఇంక చూసుకోండి, నా వంతు వచ్చినప్పుడల్లా వెనకవాళ్ళకి "మీరు కానివ్వండి, మీరు కానివ్వండి" అని దారి వదిలేశాను. ఆరుగురికి వదిలాను. ఆ ఏరియాలో అంత మర్యాదస్తుణ్ణి ఎవరూ చూసి ఉండరు. రెండూ ముప్ఫై ఒకటికి ముందుకెళ్ళి ప్లేటు అందుకున్నాను.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నూడుల్స్ అంచులు కొద్దిగా మాడి, లోపల వెన్నలా ఉన్నాయి. కారం ఉంది, తీపి ఉంది, రొయ్య ఉంది, వీటన్నిటి కింద బొగ్గుల వాసన ఉంది. ఆ వాసన ఏ సాసులోంచీ రాదు. కాలేజీ గేటు ముందు నాలుగేళ్ళు చేసిన తపస్సంతా ఎల్‌కేజీ చదువని ఆ పూట తెలిసింది. చెప్పడానికి సిగ్గెందుకు, ఆవిడంటే నాకు భక్తి కుదిరింది. నా ఆఫీసు పనిలో పాత కోడ్ కాపీ కొట్టి పేర్లు మార్చి పెట్టేవాణ్ణి. ఈవిడ రోజుకి వంద ప్లేట్లు వేస్తే వందా మొదటి ప్లేటులాగే వేస్తున్నారు. "పార్సిల్ ఇస్తారా ఆంటీ? రూమ్‌లో ఇద్దరున్నారు" అని అడిగాను. పార్సిల్ అడక్కుండా హోటల్ మెట్లు దిగడం మన రక్తంలో లేదు గదా.

"నో పార్సిల్ లా. వన్ పర్సన్, వన్ ప్లేట్, ఈట్ హియర్," అన్నారు ఆంటీ. (ఆ ‘లా’ వాళ్ళ దేశపు ఊతపదం.) తర్వాత విసనకర్రతో రైలు స్టేషన్ వైపు చూపించి, మా ఊళ్ళో అయితే ఆకులో చుట్టి ఇస్తాను, కొనేవాళ్ళ ఇళ్ళు పక్క సందులోనే, వేడి తగ్గేలోపు తినేస్తారు, ఇక్కడ మీరు దీన్ని రైలెక్కిస్తారు అన్నారు. (ఆంటీ మాటలైనా, ఇకముందు వచ్చే మరొకావిడ మాటలైనా అన్నీ ఇంగ్లీషువే. నా జ్ఞాపకం తెలుగులో నడుస్తుంది కనుక చాలావరకు అలాగే రాస్తున్నాను.)

ఇక మరొకావిడ సంగతి. నది అవతల ఒక పెద్ద కంపెనీలో నేను కాంట్రాక్టు మీద పనిచేసేవాణ్ణి. నన్ను అక్కడ పెట్టిన కన్సల్టెన్సీ యజమానిని అందరం బాబాయ్ అనేవాళ్ళం. ఆఫీసులో నా పై మేనేజరుకి నేను పెట్టుకున్న పేరు మౌనంగారు. యాభై ఏళ్ళుంటాయి, ఆవిడదీ పినాంగ్ దీవే. నేను నాలుగు పేజీల మెయిల్ రాస్తే జవాబు ‘ఓకే’ అని వచ్చేది. నచ్చితే ఓకే, నచ్చకపోతే నో, మూడో మాట లేదు. అక్కడ అందర్నీ పేరు పెట్టే పిలవాలి. నాకేమో అంత పెద్దావిణ్ణి పేరు పెట్టడానికి నోరు రాక రెండేళ్ళూ ‘ఎక్స్‌క్యూజ్ మీ’తో నెట్టుకొచ్చాను. ఆ నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగించాలంటే మౌనంగారి సంతకం కావాలి. పొడిగించకపోతే అరవై రోజుల్లో ఇంకో ప్రాజెక్ట్ వెతుక్కోవాలి, దొరక్కపోతే వీసా పోయి పెట్టె సర్దుకోవాలి. బాబాయ్‌కి రోజూ ఫోన్ చేసేవాణ్ణి. "చూద్దాం రా, ప్రాసెస్‌లో ఉంది, వర్రీ అవకు" అనేవాడు. బాబాయ్ వర్రీ అవకు అన్నాడంటే వర్రీ అవ్వాల్సిందేనని అనుభవం మీద తెలుసు.

సరిగ్గా అప్పుడే ఒక సాయంత్రం ఆఫీసులో అందరికీ పిజ్జాలు తెప్పించారు. మౌనంగారు ఒక ముక్క తీసుకుని దాని వైపు కాసేపు చూసి, ఎవరితోనో కాకుండా తనలో తను అన్నట్టుగా, "బొగ్గుల మీద వేయించిన మా ఊరి నూడుల్స్ తిని పదకొండేళ్ళయింది" అన్నారు. ఆవిడ నోట అంత పొడుగు వాక్యం నేనెప్పుడూ వినలేదు. దేవుడే దారి చూపించాడనుకున్నాను. ‘అలాంటివి మా ఇంటి పక్కనే దొరుకుతాయండీ’ అని అక్కడే చెప్పేస్తే అయిపోయేది. చెప్పలేదు. చెప్తే అది సమాచారం, తెచ్చి ముందు పెడితే సేవ! వచ్చే శనివారం సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, టీమంతా ఆఫీసులోనే ఉంటుంది, లంచ్‌కి ఆవిడ ముందు వేడివేడిగా ఆరు ప్లేట్ల నూడుల్స్ పెట్టాలని, టీమంతా తినగా చూసి ఆవిడ సంతకం పెట్టాలని ప్లాన్ వేశాను.

పార్సిల్ ఇవ్వరు, మనిషికి ఒక్క ప్లేటే. అయినా నాకు బెంగ లేదు. నా దగ్గర బ్రహ్మాస్త్రం ఉంది. అమెరికా వచ్చేటప్పుడు అమ్మ నా సూట్‌కేసులో రెండు జతల బట్టలు తీయించి మరీ పెట్టిన హాట్ ప్యాక్. గులాబీ రంగు, మూత మీద రెండు బాతులు. "పొద్దున ఆరింటికి ఇడ్లీ పెడితే మధ్యాహ్నం ఒంటిగంటకి తీసినా నోరు కాలుతుంది" అని అమ్మ దాని గురించి చెప్పేది, అది నిజం కూడాను. ఇడ్లీకి నిజమైంది నూడుల్స్‌కి కాకుండా పోతుందా? మా ఇళ్ళల్లో హాట్ ప్యాక్‌ని అనుమానించిన మనిషి ఇంతవరకు పుట్టలేదు.

శుక్రవారం రూమ్‌లో మీటింగ్ పెట్టాను. ముగ్గురం, తలా రెండుసార్లు లైన్లో నిలబడాలి, రెండోసారి టోపీ, షర్టు మార్చుకోవాలి. తీసుకున్న ప్లేటుని పక్కనున్న కూరగాయల వ్యాను చాటుకి తెచ్చి హాట్ ప్యాక్‌లో వంపెయ్యాలి.

"బావా, గట్టిగా ఆలోచించే చెప్తన్నావా? నూడుల్స్ కోసం మారువేషాలేందిరా?" అన్నాడు బావ.

"అరేయ్, వీని కాంట్రాక్ట్ పోతే రెంట్‌ల వీని వాటా ఎవడు కడ్తడు? నువ్వు కడ్తవా? మూస్కొని టోపి పెట్టుకో," అన్నాడు వరంగల్ అన్న. దాంతో చర్చ ముగిసింది.

శనివారం రిలీజ్‌లో నా వంతు పని పదిన్నరకి అయింది, మళ్ళీ ఒంటిగంటకి ఉండాలి. రైలెక్కి పదకొండుకి సంతలో దిగాను. మావాళ్ళు హాట్ ప్యాక్‌తో సిద్ధంగా ఉన్నారు. మొదటి ముగ్గురం మూడు ప్లేట్లు ఏ ఇబ్బందీ లేకుండా తెచ్చాం. వ్యాను చాటున వంపుతుంటే అన్న, "నాకైతే శనివారం లేదు గద భయ్, ఒక్క రొయ్య" అని ఒకటి నోట్లో వేసుకున్నాడు. నాకు, బావకి రెండున్నర దాకా ఉపవాసం గనక మేం రుచి చూసే ప్రశ్నే లేదు. ప్లేటు వంపడం, మూత టక్కున బిగించడం, మళ్ళీ తెరవడం, వంపడం, బిగించడం. ఆవిరి ఒక్క చుక్క బయటికి పోకుండా చూసుకున్నామని ఎంత గర్వపడ్డానో.

రెండో విడత. నేను నీలం టోపీ తీసి నల్లది పెట్టుకున్నాను, చలవ కళ్ళద్దాలు తగిలించాను, నడక కూడా కొంచెం మార్చాను. నా వంతు వచ్చింది. ఆంటీ నన్ను చూశారు. టోపీ చూశారు. తర్వాత ఆవిడ చూపు మెల్లిగా కిందికి దిగి నా బూట్ల దగ్గర ఆగింది. థాంక్స్‌గివింగ్ సేల్‌లో కొన్న చిలకాకుపచ్చ బూట్లు. సేల్‌లో ఎందుకున్నాయో వాటిని చూసినవాళ్ళెవరికైనా అర్థమవుతుంది. ఆ సైజులో, ఆ రంగులో జెర్సీ సిటీ మొత్తానికి ఇంకో జత లేదు.

"ఫస్ట్ టైమ్ ఆ?" అని అడిగారు ఆంటీ.

"యెస్ ఆంటీ, ఫస్ట్ టైమ్," అన్నాను గొంతు మార్చి.

"కారం ఎక్కువ, గుడ్డు మెత్తగా" అని ఆవిడే అంటూ మూకుడు పెట్టారు. నేనింకా ఏదీ చెప్పనేలేదు. నా రుచులు ఆవిడకెలా తెలిశాయని ఒక్క క్షణం కూడా ఆలోచించని నా తెలివికి ఇప్పటికీ నేనే దండం పెట్టుకుంటాను. ఇప్పుడు గుర్తొచ్చేది మాత్రం ఇంకొకటి. దొంగ టోపీ పెట్టుకుని ఎదురుగా అబద్ధమాడుతున్నవాడి కోసం కూడా ఆవిడ విసనకర్ర అంతే జోరుగా ఆడింది, గుడ్డు కొట్టినప్పుడు అంతే జాగ్రత్తగా ఆగింది.

పన్నెండుంపావుకి ఆరు ప్లేట్లూ హాట్ ప్యాక్‌లో చేరాయి. రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అంత బిగించినా బొగ్గుల వాసన ఎలా వచ్చిందో గానీ, పెట్టెలో ఉన్నవాళ్ళందరూ నా ఒళ్ళోని బాతుల వైపే చూశారు. సంతకం అయిపోయినట్టే అనుకుంటూ నది దాటాను.

ఆఫీసు ప్యాంట్రీలో టీమంతా సాండ్‌విచ్‌ల ముందు కూర్చుని ఉన్నారు. హాట్ ప్యాక్‌ని మౌనంగారి ముందు బల్ల మీద పెట్టి, "ఎక్స్‌క్యూజ్ మీ, మీ ఊరి నూడుల్స్" అన్నాను. మూత రాలేదు. ఆవిరికి బిగుసుకుపోయింది. తిప్పాను, లాగాను, బల్ల కాలుకి బూటు తన్నిపెట్టి లాగాను. టప్పుమని ఊడింది. లోపల నూడుల్స్ లేవు. నూడుల్స్ ఉండాల్సిన చోట గోధుమరంగులో గుండ్రంగా, నున్నగా ఒక దిబ్బరొట్టె ఉంది. గంటసేపు ఆవిరిలో మగ్గి ఆరు ప్లేట్లూ ఏకమైపోయాయి. గరిటె దిగలేదు. ఏం చేయాలో తోచక ప్లేటు మీద బోర్లించి వెనక ఒక్కటిచ్చాను. చెక్కు చెదరకుండా దిగింది. అడుగున ఉన్న కంపెనీ ముద్ర కూడా తిరగబడి అచ్చంగా పడింది. మధ్యలో ఒక రొయ్య తోక బయటికి చూస్తోంది.

నా కళ్ళ ముందు అరవై రోజుల కేలండరు గిర్రున తిరిగింది.

మౌనంగారు ఆ రొట్టె వైపు చాలాసేపు చూశారు. వంగి వాసన చూశారు. చాకు తీసుకుని అంచు నుంచి ఒక ముక్క కోసి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. "బొగ్గులు" అన్నారు కళ్ళు తెరవకుండానే. తెరిచి, "ఎక్కడ?" అన్నారు.

చెప్పాను.

"ఎన్నింటిదాకా?"

"మూడింటిదాకా."

ఆవిడ గడియారం చూసి లేచి వెళ్ళిపోయారు. ఒకటీ నలభైకి రిలీజ్ చెకింగులు అన్నీ అయ్యాయని నేను చెప్పగానే భుజాన బ్యాగు తగిలించుకుని నా టేబులు దగ్గరికొచ్చి "కమ్" అన్నారు. రైల్లో ఒక్క మాట లేదు. ఉద్యోగంలోంచి తీసేసే ముందు మనుషులు ఇలాగే పక్కన కూర్చుంటారేమోనని నాకు అనుమానం.

రెండుంపావుకి లైన్లో నిలబడ్డాం. ఒకే రోజు మూడోసారి. ఆంటీ మమ్మల్ని దూరం నుంచే చూశారు. మౌనంగారు ముందుకెళ్ళి వాళ్ళ దీవి భాషలో ఏదో అన్నారు. అంతే, ఆంటీ అట్లకాడ గాల్లో ఆగిపోయింది. తర్వాత ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడుతూ మొదలుపెట్టారు. మౌనంగారు మాట్లాడుతున్నారు! ఆపకుండా, చేతులు తిప్పుతూ, మధ్యలో గలగలా నవ్వుతూ మాట్లాడుతున్నారు. రెండేళ్ళుగా ‘ఓకే’ల వెనక ఇంత మనిషి ఉందని నాకు తెలియనే తెలియదు. ఇంతలో ఆంటీ అట్లకాడతో నా బూట్లు చూపించారు. తల మీద చేయి పెట్టుకుని టోపీ మార్చినట్టు ఒకసారి, వెనకవాళ్ళకి దారి ఇస్తున్నట్టు ఒకసారి అభినయించారు. వ్యాను వైపు వేలు చూపించారు. ఆ భాషలో నాకు ఒక్క ముక్క రాదు, అయినా ఒక్క ముక్క కూడా అర్థం కాకుండా పోలేదు. మౌనంగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నేను నేలలోకి దిగబడిపోదామని చూశాను గానీ పార్కింగ్ స్థలం కాంక్రీటుది.

ఆంటీ ఆవిడకి ప్లేటు వేశారు. మౌనంగారు కుంపటి పక్కనే నిలబడి, ఆఖరి మొలక దాకా తిన్నారు. ఖాళీ ప్లేటు బుట్టలో పడేసి నా దగ్గరికొచ్చి, నా నెత్తి మీది నల్లటోపీ తీసి తను పెట్టుకున్నారు. పెట్టుకుని వెళ్ళి లైను చివర నిలబడ్డారు. ఆవిడ వంతు వచ్చినప్పుడు ఆంటీ మొహంలో ఏ భావమూ లేకుండా, "ఫస్ట్ టైమ్ ఆ?" అన్నారు.

"ఫస్ట్ టైమ్," అన్నారు మౌనంగారు.

రెండున్నర బాగా దాటాక నేనూ ప్లేటు అందుకున్నాను. గడియారం ఎందుకు చూసుకుంటున్నావని మౌనంగారు అడిగితే కాకినాడ శనివారం కథ చెప్పాను. మళ్ళీ నవ్వారు. ఆ నవ్వు చూసి ఇదే సమయమనుకుని, నోరంతా నూడుల్స్‌తోనే, "ఎక్స్‌క్యూజ్ మీ, నా ఎక్స్‌టెన్షన్..." అన్నాను.

"అదా? మంగళవారమే సంతకం పెట్టి పంపాను. మీ కంపెనీవాళ్ళు చెప్పలేదా?"

చెప్పలేదు. (సాయంత్రం ఫోన్ చేస్తే బాబాయ్, "అవున్రా, వచ్చింది, ఫార్వర్డ్ చేయడం మర్చిపోయా, వర్రీ అవకు అన్నాను గదా!" అన్నాడు.) మంగళవారం! అంటే మారువేషాలు, ఆరు ప్లేట్లు, దిబ్బరొట్టె, అందరి ముందు పోయిన పరువు, అన్నీ సంతకమైన నాలుగు రోజుల తర్వాత. నా మొహం ఎలా పెట్టానో గానీ ఆవిడ తినడం ఆపి నా వైపు చూశారు.

"ముందే తెలిస్తే తెచ్చేవాడివా?" అన్నారు.

చెప్పడానికేముంది, తెచ్చేవాణ్ణి కాదు. ఇంటి పక్కనే ఇంత గొప్ప చేయి ఉందని తెలిసి, పక్క సీట్లో పదకొండేళ్ళ ఆకలి ఉందని విని, నా సంతకం గురించి తప్ప ఇంకేమీ ఆలోచించలేదు. ఆవిడ మాత్రం ఆ రొట్టెలో కూడా బొగ్గుల వాసన పట్టుకున్నారు. నాకు నిజంగా సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ప్లేటు ఖాళీ చేశాను, అంత బాగున్నాయి.

ఇదంతా జరిగి ఎనిమిదేళ్ళయింది. బావ పెళ్ళి చేసుకుని షామ్‌బర్గ్‌లో ఉన్నాడు, అన్న ఇప్పటికీ ఎనిమిది నెలలు పెద్దే. మౌనంగారు ఉద్యోగం మారి ఫ్రీమాంట్ వెళ్ళిపోయారు. ఆంటీ కుంపటి గురించి ఏడాదికోసారి ఒక్క మాట మెయిల్ వస్తుంది, ‘ఉందా?’ అని. నేనూ ఒక్క మాటే రాస్తాను, ‘ఉంది’ అని. బాతుల హాట్ ప్యాక్ మా ఇంట్లోనే ఉంది. మూత రబ్బరులోంచి ఇంకా బొగ్గుల వాసన పోలేదని, చపాతీలకి అంటుతోందని మా ఆవిడ విసుక్కుంటుంది. నేను మాత్రం ఎవరికీ ఏదీ అందులో మోసుకెళ్ళను. టీమ్‌లో కొత్తవాళ్ళు ఎవరొచ్చినా సరే, ఒక శనివారం వాళ్ళనే కుంపటి దగ్గరికి తీసుకెళ్తాను.

ఆంటీ ఇప్పుడు ఎత్తు స్టూలు మీద కూర్చుని వేస్తారు, మోకాళ్ళు సహకరించడం లేదు. విసనకర్ర మారింది, చేయి మారలేదు. ఇప్పటికీ ఒకసారికి ఒక్క ప్లేటే. మొన్న శనివారం ఆరేళ్ళ మా అమ్మాయిని తీసుకుని నలభై నిమిషాలు డ్రైవ్ చేసి వెళ్ళాను. రెండున్నర కాలేదని వెనకవాళ్ళకి దారి ఇస్తూ ఇస్తూ మా వంతుకి చేరాం. ఆంటీ ఎప్పట్లాగే ముందు నా బూట్ల వైపు చూసి, "ఫస్ట్ టైమ్ ఆ?" అన్నారు.

మా అమ్మాయి నా చేయి లాగింది. "నాన్నా, ఆంటీ ఎవ్రీ టైమ్ సేమ్ క్వశ్చన్ అడుగుతుంది. నువ్వు ఎవ్రీ టైమ్ ఎస్ చెప్తావ్. వై?"

కిందికి చూసుకున్నాను. బుద్ధిగా నల్ల బూట్లు ఉన్నాయి. ఆ చిలకాకుపచ్చ బూట్లవాడు మాత్రం ఇంకా ఆ కూరగాయల వ్యాను చాటునే ఎక్కడో, నీలం టోపీ తీసి నల్లటోపీ పెట్టుకుంటూ, నడక మార్చుకుంటూ, తననెవరూ గుర్తుపట్టరని గట్టిగా నమ్ముతూ ఉన్నాడనిపించింది. పాపం, వాణ్ణి ఎందుకు పట్టివ్వడం?

"యెస్ ఆంటీ, ఫస్ట్ టైమ్," అన్నాను.